మోకాళ్ళకు పసుపు

మిర్యాలగూడలో మా ఆయన కట్టిన గదిలోకి నిలబడి నడిచి వెళ్ళిన మనిషి లేడు. అందరూ పాకే వెళ్ళారు. నేనూ పాకాను, మా అత్తా పాకింది. మా నాన్న సంగతి తర్వాత చెబుతాను. నిజానికి ఇదంతా మొదలుపెట్టింది ఆయన సంగతి చెప్పడానికే. కానీ ఆ గది ఎలా పుట్టిందో ముందు చెప్పకపోతే, మీరు కూడా మా సూర్యాపేట మేనత్తలాగే మా ఆయనకు పిచ్చి అనుకుంటారు.

మా ఆయన మీసాలు సరిగా రాని వయసులో ఇల్లు విడిచి బొంబాయి పోయాడు. అక్కడ బట్టల వర్తకుల దగ్గర గుమాస్తాగా కుదిరి, వాళ్ళ పని మీద ఓడెక్కి జపాను చేరాడు. కోబే అనే రేవు పట్టణంలో వాళ్ళకు దుకాణం ఉండేది. ఇంతలో యుద్ధం వచ్చింది, ఓడలు ఆగిపోయాయి, ఈయన అక్కడే చిక్కుకుపోయాడు. కొడుకు మీద ఆశ వదులుకున్న మా అత్తకు, యుద్ధం ముగిశాక ఒకరోజు వాకిట్లో ఎవరో నడుము వంచి దండం పెడుతూ కనిపించారట. భిక్షగాడనుకుని చేటలో బియ్యం తెచ్చిందట. కొడుకని తెలిశాక ఏడ్చి, అన్నం పెట్టి, మళ్ళీ ఓడెక్కకుండా వెంటనే సంబంధాలు వెతికింది. ఆయన్ని ఇంటికి కట్టెయ్యడానికి దొరికిన పలుపుతాడును నేను.

మాది కోదాడ. మా నాన్న పెద్ద రైతు. దేశాలు తిరిగొచ్చిన అల్లుడికి హైదరాబాదులో పెద్ద నౌకరీ రాసిపెట్టి ఉందని నమ్మి నన్నిచ్చాడు. అల్లుడేమో మిర్యాలగూడ బజారులో చిన్న బట్టల దుకాణం తెరిచాడు. అందులో బట్టల కంటే జపానే ఎక్కువ అమ్ముడుపోయేది, అదీ ఊరికే. జాకెట్టు గుడ్డకని వచ్చిన మనిషి, ఆ దేశంలో ఎవరి ముందు ఎంత వంగాలో నేర్చుకుని గుడ్డ మాట మరిచిపోయి వెళ్ళేది.

ఇంట్లో ఆయనకు దొరికిన విద్యార్థిని నేనే. నేను కూరగాయలు తరుగుతుంటే పీట లాక్కుని కూర్చునేవాడు.

“వాళ్ళ మాట మన మాట లెక్కనే ఉంటదే. ఇంగ్లీషోడు తిన్న అని ముందుగాల్నే చెప్పి, ఏం తిన్నడో ఎనక చెప్తడు. వీళ్ళట్ల కాదు. అన్నం ముందు, తినుడు ఎనక.”

అన్నాన్ని గొహాన్ అంటారట. వండిన అన్నమూ గొహానే, పూట భోజనమూ గొహానే. జొన్నరొట్టె తిన్నవాణ్ణి కూడా మనం అన్నం తిన్నవా అనే అడుగుతాం కదా, వాళ్ళదీ అదే తీరు. ప్రశ్న వెయ్యాలంటే మాట చివర ‘కా’ తగిలిస్తే చాలు. నేను వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ “ఉప్పుకా? కారంకా?” అంటే మురిసి ముక్కలయ్యేవాడు. ఇల్లు దాటేటప్పుడు వాళ్ళు ‘ఇత్తెకిమాస్’ అంటారట, అంటే పోయొస్త అని. ఉత్తగా పోత అనరట. ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఇత్తెరస్షాయ్’, పోయిరా అని పంపాలి. చెప్పులు వాకిట్లోనే విడవాలి. చాప మీద కూర్చోవాలి. గడప తొక్కకూడదు. ఇవన్నీ కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతుంటే, మా అత్త తిరగలి ఆపి విన్నది.

“అన్నేండ్లు, గంత దూరం పోయి మనూరే సూసొచ్చినవార?” అంది.

ఆ ఒక్క మాటతో ఆయన పూటంతా అలిగాడు. నేను లోపల నవ్వి, బయట అన్నం పెట్టాను.

కానీ వాళ్ళ పద్ధతులు మంచివేనని మా అత్త కూడా కొన్నాళ్ళకు ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఒక్క గది విషయంలో.

దాడులూ దోపిడీల గడబిడ రోజుల్లో పశువుల్ని అమ్ముకున్నాక మా పెరట్లో కొట్టం ఖాళీగా పడి ఉండేది. పోలీసు యాక్షన్ అయ్యి ఊళ్ళు కాస్త కుదుటపడ్డాక, ఆ కొట్టం విప్పి ఆ కలపతోనే జపాను తేనీటి గది కడతానన్నాడు. టీ తాగడానికి వేరే గదెందుకని నేను అడగలేదు. అడిగితే ఆ పూట వంట కాదు.

పని చూడముచ్చటగానే సాగింది. ఇనుప మేకు వాడకూడదన్నాడు. కర్రకు కర్ర తొలిచి బిగించాలి. మా వడ్రంగి అందుకు ఏమీ బెదరలేదు, బండిచక్రానికి చేసే పనే కదా అన్నాడు. గోడలకు మట్టిలో వరిగడ్డి కలిపి మెత్తాలి. అది మా ఇంట్లో అందరికీ వచ్చిన పనే. కింద పరచడానికి వాడపల్లి దగ్గర ఏటి ఒడ్డున పెరిగే తుంగతో అల్లిన చాపలు తెచ్చాడు. ఒక గోడలో నిలువెత్తు గూడు వదిలి, అందులో ఏమీ పెట్టకూడదన్నాడు, ఒక్క పువ్వు తప్ప. ఖాళీ గూడు చూస్తే మా అత్త చెయ్యి ఊరుకోదు. పొద్దున ఆమె వేంకటేశ్వరస్వామి పటం పెట్టేది, మధ్యాహ్నం ఈయన తీసేవాడు. చివరికి స్వామి ఎటూ తేల్చుకోలేక వంటింట్లోనే ఉండిపోయాడు.

పెరటివైపు గోడ అంతా కదలని కాగితపు తెర. అందుకోసం ఆయన సూర్యాపేట పోయి, బజారులో దొరికిన తెల్లటి పతంగి కాగితమంతా కొనుక్కొచ్చాడు. కర్ర చట్రానికి అన్నం గంజితో అతికించాం. వెలుతురు పాలలా లోపలికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వెలుతురు చూసిన రోజే నాకు ఆ గది మీద మనసు పడింది. మర్నాడు పొద్దున చూస్తే, కింది వరసంతా చట్రాలు మాత్రమే మిగిలాయి. పక్కింటి మేకలకు గంజి రుచి తెలిసింది. మా ఆయన మేకల ముందు నిలబడి జపాను భాషలో తిట్టాడు. ఆ భాషలో తిట్లు కూడా మర్యాదగానే ఉంటాయని అప్పుడే తెలిసింది. మళ్ళీ అతికించినప్పుడు గంజిలో వేపాకు రసం కలిపాను. ఆ ఉపాయం నాదే, జపాను వాళ్ళది కాదు.

ఇక గుమ్మం. ఆ గుమ్మమే కొంప మీదికి తెచ్చింది.

మోకాలి ఎత్తున గోడలో నలుచదరపు కంత పెట్టించాడు. మోకాళ్ళూ అరచేతులూ ఆనించి పాకితే తప్ప లోపలికి పోలేం. వడ్రంగి కొలత విని ఉలి కింద పెట్టేశాడు.

“కోళ్ళగూడుకా అయ్యా?”

“కాదు, మనుషులకే. ఆ దేశంల గొప్ప గొప్ప సర్దార్లు గూడ కత్తి బయట పెట్టి, గిట్ల వంగే లోపటికి పోతరు. లోపట పెద్దోడు లేడు, సిన్నోడు లేడు. అందరొక్కటే.”

“మరి పెద్దోళ్ళు ఎందుకొస్తరయ్యా గాడికి?” అన్నాడు వడ్రంగి. అన్నాడే గానీ చక్కగా చేశాడు.

మా అత్తకు మాత్రం మనుషులు వంగడం పట్టలేదు. గడపకు పసుపు లేకపోవడమే పట్టింది. ఎంత చిన్నదైనా గుమ్మం గుమ్మమే, కింద కర్ర ఉంటే అది గడపే, గడపంటే లక్ష్మి. శుక్రవారం ఇంటి గడపతో పాటు దానికీ చిక్కగా పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఇంటి గడపను ఎవరూ తొక్కరు, దాటుతారు. దీన్ని దాటడం ఎలా? మోకాళ్ళు దాని మీద ఆనించాల్సిందే. పొట్ట కాస్త ముందుకున్నవాళ్ళు పొట్ట కూడా ఆనించాల్సిందే.

దాంతో మా గదిలోకి వచ్చినవాళ్ళెవరో ఊరంతటికీ ఇట్టే తెలిసిపోయేది. బడిపంతులు మోకాళ్ళ దగ్గర పంచె పసుపు. కచేరీ గుమాస్తా లాల్చీకి బొడ్డు దగ్గర పసుపు. మేమెందుకు పోతాం ఆ పిచ్చాడి గదికి అని రచ్చబండ దగ్గర కోసినవాళ్ళే, బట్టల మీద సాక్ష్యం పెట్టుకుని కోసేవాళ్ళు. పసుపు రాయకమ్మా అని మా ఆయన బతిమాలితే, “నీ జపానోళ్ళకు లక్ష్మి లేదేమో, మనకున్నది” అని మా అత్త ఒంటికాలి మీద లేచేది. ఆయన తల గోక్కునేవాడు. నేను ఎవరి పక్షమూ కాకుండా, పసుపు కొమ్ములు దంచి పెట్టేదాన్ని.

అప్పుడొచ్చింది మా మేనత్త, సూర్యాపేట నుంచి. మనిషి నిండుగా ఉంటుంది. కొత్త పట్టుచీర కట్టుకుని, మేనకోడలి కాపురం చూడటానికి వచ్చింది. గది చూస్తానని తనే పట్టుబట్టింది. సగం లోపలా సగం బయటా ఉన్నప్పుడు ఆమెకు కోపం వచ్చింది. వెనక్కి పోదామంటే కుదరలేదు కాబట్టి ముందుకే వచ్చింది. మా ఆయన ఎంతో భక్తిగా, కోబే నుంచి బట్టల్లో చుట్టి తెచ్చుకున్న గిన్నెలో, వెదురు కుంచెతో నురుగు వచ్చేలా గిలక్కొట్టి పచ్చటి టీ ఇచ్చాడు. జపాను ఆకు ఇక్కడ ఎక్కడిది? నీడన ఎండబెట్టిన మునగాకు పొడి అది. మేనత్త ఒక గుక్క మింగి, ఎదురుగా ఉన్న ఖాళీ గూడు చూసి, తన పట్టుచీర ముందుభాగం చూసుకుంది. బండెక్కి, సూర్యాపేటలో దిగకుండా తిన్నగా కోదాడ పోయింది.

అల్లుడు ఇంటికొచ్చినవాళ్ళను జంతువుల్లా పాకిస్తున్నాడు, బోసి గోడ ముందు కూర్చోబెట్టి ఆకురసం తాగిస్తున్నాడు, పిల్లకు ఏవో మంత్రాలు నేర్పిస్తున్నాడు అని మా నాన్న చెవిన వేసింది. నాన్న వచ్చి నన్ను తీసుకుపోతాడని మా అమ్మ తెలిసినవాళ్ళతో కబురంపింది. తీసుకుపోవడమంటే నాలుగు రోజులకు కాదు. అల్లుడు దారికి వచ్చేదాకా అని. మా నాన్న దృష్టిలో దారంటే హైదరాబాదు దారి ఒక్కటే.

నాకు పోవాలని లేదు. ఈ మాట ఇప్పుడు తేలికగా అంటున్నాను గానీ, అప్పుడు ఎవరితో అనాలో కూడా తెలియలేదు. మా పుట్టింట్లో మా నాన్న మాటకు ఎదురుండేది కాదు. నీకేం కావాలని నన్ను ఎవరూ అడిగి ఎరగరు. పెళ్ళప్పుడూ అడగలేదు. ఇక్కడ ఈ పిచ్చి మనిషి పొద్దున్నే గడప దగ్గర నిలబడి, నేను ‘ఇత్తెరస్షాయ్’ అనేదాకా దుకాణానికి కదిలేవాడు కాదు. ఆయన నాకు నచ్చాడు. అంతే. అంతకంటే పెద్ద కారణం లేదు.

మా నాన్న బండి మధ్యాహ్నానికి మా వాకిట్లో ఆగింది. ఎత్తైన మనిషి, ముందుకొచ్చిన పొట్ట, ఇస్త్రీ పంచె, చేతికర్ర, తలకు పెద్ద రుమాలు చుట్టు. ఆ రుమాలు లేకుండా నేనాయన్ని చూసిన గుర్తే లేదు. చేతికి నీళ్ళిస్తే కాళ్ళు కడుక్కున్నాడు గానీ కూర్చోలేదు. బండివాడు ఎడ్లను విప్పబోతే వద్దన్నాడు.

“సామాను సర్దుకో బిడ్డా. ఎడ్లు కాడి కిందనే ఉన్నయి.”

రాను నాయినా అని నోటితో అనే ధైర్యం నాకు లేదు. మోకాళ్ళకు మాత్రం ఉంది కాబోలు. తిన్నగా పెరట్లోకి నడిచి, కంతలోంచి పాకి, గదిలోకి పోయి కూర్చున్నాను. మా ఆయన అప్పటికే లోపల నీళ్ళు కాగబెడుతున్నాడు. నన్ను చూసి ఏమీ అడగకుండా కొంచెం జరిగి చోటిచ్చాడు.

బయట మా నాన్న గొంతు వినిపించింది.

“బయటికి రా.”

“నువ్వే లోపటికి రా నాయినా.”

“నేనా? ఈ కంతలో దూరాలా నేను?”

ఇరుగుపొరుగు వాళ్ళు అప్పటికే గోడల మీదికి ఎక్కారు. అప్పుడు మా అత్త పని పట్టింది.

“కోదాడ పటేలుకు అన్నం వండాల్నా, మీకు తమాషా సూపియ్యాల్నా? నడువుండ్రి అవతలికి!” అని చీపురు పుచ్చుకుని అందర్నీ తరిమింది. బండివాణ్ణి ఎడ్లకు గడ్డి కోసమని పంపేసింది. తర్వాత తనూ బావి వైపు తిరిగి, ఖాళీ చేదను తోముతూ కూర్చుంది. ఆ రోజు ఆమె చేసిన మేలు నేను ఎప్పటికీ మరిచిపోను.

కాగితం మీద మా నాన్న నీడ అటూ ఇటూ తిరిగింది. రుమాలుతో ఆ నీడ తాటిచెట్టంత ఉంది. ఎంతసేపు తిరిగిందో తెలియదు, మా ఆయన కాచిన నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. తర్వాత నీడ చెయ్యి పైకి లేచింది. రుమాలు తీసింది. నీడ ఒక్కసారిగా మామూలు మనిషంత అయ్యింది.

ముందు చేతులు వచ్చాయి, తర్వాత తల. పొట్ట దగ్గర ఆగింది. మా ఆయన సాయం పట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. లాగి ఉంటే మా నాన్న ఈ జన్మకు మమ్మల్ని క్షమించేవాడు కాదు. ఊపిరి బిగబట్టి, తనే వచ్చాడు.

లోపలికొచ్చి చుట్టూ చూశాడు. ఆనుకోవడానికి బాలీసు లేదు, ఎత్తుగా కూర్చోవడానికి మంచం లేదు. మాతో పాటే చాప మీద కూలబడ్డాడు. నెత్తి మీద జుట్టు దాదాపు లేదు, ఉన్నదంతా తెల్లగా, చెమటకు అతుక్కుపోయి ఉంది. మా నాన్న ముసలివాడయ్యాడని నాకు అప్పుడు తెలిసింది.

మా ఆయన వంగి గిన్నె ఇచ్చాడు. నాన్న తాగి మొహం చిట్లించాడు.

“ఇది మునగాకు గదూ?”

“అవు మామా. అసలుది ఈడ దొరకది.”

“అసలుది బాగుంటదా?”

“ఇంకింత చేదుంటది.”

“మరెందుకయ్యా ఈ అవస్థ?”

మా ఆయన గిన్నెను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు చెప్పిన మాట నాకు కూడా అంతకు ముందు చెప్పలేదు.

“నేనున్న ఇంట్ల ఒక ముసలాయన, ముసలమ్మ ఉండేటోళ్ళు మామా. కొడుకు యుద్ధంల పోయిండు. వాళ్ళకు ఇసుంటి గది ఉండె. రోజు నన్ను పిలిసి కూసోబెట్టి తాపిచ్చేటోళ్ళు. మాట్లాడేటోళ్ళు కాదు. ఎవలో ఒకరు వంగి లోపటికొస్తే సాలు వాళ్ళకు. ఆకాశంకెళ్ళి బాంబులు పడ్డయి. కర్రా కాగితమే గద, వాళ్ళ వాడంత కాలిపోయింది. వాళ్ళు గూడ. నేను దుకాణంల ఉండి బతికిన. ఈ గిన్నె అంతకు ముందే నాకిచ్చిన్రు, దుకాణంల ఉండె.”

ఆ గడబిడల్లో మా నాన్న వాళ్ళు సంస్థానం సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో తలదాచుకున్నారు. తిరిగొచ్చేసరికి కోదాడ ఇంటికి తలుపులు లేవు. ఆ సంగతి ఆయన నోటి వెంట నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు తనంతట తనే ఎత్తాడు.

“మా దర్వాజ పీక్కుపోయిన్రు. దానికన్నా పెద్దది చేయించిన. బండి బండే పట్టేంతది.” కాస్త ఆగి, “ఇప్పుడెవరూ వస్తలేరు” అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగాడు.

“నీకు ఇక్కడ బాగుందా బిడ్డా?”

నా జన్మలో మా నాన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. మంచిగుంది నాయినా అన్నాను.

ఆయన ఖాళీ గూట్లో ఉన్న గన్నేరు పువ్వును చూస్తూ, “ఎడ్లను విప్పమను. పాపం, దప్పికతోనుంటయి” అన్నాడు.

అన్నం తిని, ఎండ తగ్గాక బయల్దేరాడు. పోయే ముందు రుమాలు బిగించి చుట్టుకుని, నలుగురూ వినేలా మా అత్తతో అన్నాడు.

“గది బయటి నుంచి చూసిన చెల్లె. బాగానే ఉంది.”

“అవునన్నయ్యా, బయట్నుంచే సూసిన్రు” అంది మా అత్త, ఆయన మోకాళ్ళ వైపు చూడకుండా. పొట్ట మీది పసుపు కండువా చాటున దాగింది గానీ, రెండు మోకాళ్ళ మీదా అరచేతులంత పసుపు. ఆయనకు చెప్పే ధైర్యం ఆ వాకిట్లో ఎవరికీ లేదు.

ఆ ఏడు బతుకమ్మకు కోదాడ పోయినప్పుడు మా అమ్మ నన్ను వంటింటి మూలకు లాక్కుపోయింది. మర్నాడు రాత్రి ఇల్లు చేరి నాన్న విప్పిన పంచెను చీకట్లో చూసుకోకుండా సబ్బు నీళ్ళలో నానబెట్టిందట. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా, పొద్దున తీసి చూస్తే మోకాళ్ళ దగ్గర ఎర్రగా ఉంది. నెత్తురనుకుని, దారిలో ఎవరో కొట్టారని ఏడుపు అందుకుందట.

“ఏమైందని అడిగితే, తోవల ఎవరిదో కల్లంల పసుపు ఆరబోసిన్రు, తొక్కిన అంటడు. కల్లం తొక్కితే కాళ్ళకైతది గానీ మోకాళ్ళకెట్లయితదే? నీకేమన్నా ఎరుకనా?”

నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే మా అమ్మ భుజం మీద వాలి ఏడ్చాను. ఎవరి ముందూ వంగని మా నాన్న నా కోసం వంగాడు. ఆ మాట మా అమ్మకు చెప్పలేదు. ఎరుక లేదన్నాను.

“పోనీ సాకలికి వేస్తే పోతది గద. వెయ్యనీడు” అంది అమ్మ. “ఉండనియ్, అది ఇంట్ల కట్టుకుంట అంటడు.”

బయటికొచ్చి చూస్తే, బండి పట్టేంత పెద్ద గుమ్మం పక్కన అరుగు మీద, రుమాలు లేకుండా కూర్చున్నాడు. ఆ పంచే కట్టుకున్నాడు.